వరికి మూడు తాళాలు

కంప్యూటర్ నెట్‌వర్క్స్ పేపర్ రాసినవాళ్ళకి ఎంటీయూ అంటే మ్యాక్సిమమ్ ట్రాన్స్‌మిషన్ యూనిట్. మా గోదావరి జిల్లాల్లో మాత్రం ఎంటీయూ అంటే మార్టేరు. పశ్చిమ గోదావరిలో, పెనుమంట్ర మండలంలో ఉందీ ఊరు. 1925 నుంచి అక్కడ వరి పరిశోధనా కేంద్రం నడుస్తోంది. అక్కడ పుట్టిన ప్రతి వరి రకానికీ ఇంటిపేరు ఎంటీయూ. స్వర్ణ అంటే ఎంటీయూ 7029. విజేత అంటే 1001. కాటన్ దొర సన్నాలు అంటే 1010. విత్తనాల కొట్లో పేరు చెప్పక్కర్లేదు, నంబరు చెబితే చాలు.

వీటన్నిటికంటే పాత నంబరు ఒకటుంది. ఎంటీయూ 15. ఇప్పుడు దాని పేరు పొలాల్లో వినపడదు గానీ వరి జన్యుశాస్త్రంలో దానికి సీటు రిజర్వ్ అయిపోయింది. 1971లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ, అదే ఇర్రి, ఒక పరిశోధన ప్రచురించింది. సుడిదోమని తట్టుకునే వరి రకాల్లో ఆ శక్తి ఎక్కణ్ణుంచి వస్తోంది అన్నది ప్రశ్న. ముడ్గో, సీఓ 22, మన ఎంటీయూ 15... ఈ మూడింట్లోనూ ఒకే ఒక్క జన్యువు ఆ పని చేస్తోందని తేలింది. దానికి బీపీహెచ్ 1 అని పేరు పెట్టారు. సుడిదోమని ఆపే జన్యువుల్లో మొదటి నంబరు అదే.

అక్కడితో కథ అయిపోతే సంతోషించేవాళ్ళం. 1973లో ఇర్రి ఇదే జన్యువు ఉన్న ఐఆర్ 26 అనే రకాన్ని విడుదల చేసింది. ఫిలిప్పీన్స్, ఇండోనేషియా రైతులు ఎగబడి వేశారు. రెండు మూడేళ్ళు దోమ ఆగింది. తర్వాత అదే దోమ, అదే వరి మీద, మళ్ళీ హాయిగా బతకడం మొదలుపెట్టింది.

సుడిదోమ పురుగు, తెగులు కాదు. కానీ పురుగైనా, శిలీంధ్రమైనా, బ్యాక్టీరియా అయినా ఇక్కడ లెక్క ఒక్కటే. లక్షల ఎకరాల్లో ఒకే పాస్‌వర్డ్ పెట్టాం. అవతలివాడు తెలివైనవాడు అవ్వక్కర్లేదు. కోట్ల సంఖ్యలో పిల్లల్ని పెడుతూ, ఒక్కో పిల్లలో ఒక్కో చిన్న తేడాతో ప్రయత్నిస్తూ పోతే చాలు. ఎవడో ఒకడికి పాస్‌వర్డ్ తగులుతుంది. మిగతావాళ్ళకి తిండి లేదు, వాడికి మాత్రం దేశమంతా విందు. మర్నాటి నుంచి వాడి సంతానమే.

దుంప నేర్పిన పాఠం

ఈ పాఠం ప్రపంచం అందరికంటే ముందు బంగాళాదుంప దగ్గర నేర్చుకుంది. దుంపని విత్తనం వేసి పండించరు, ముక్కలు కోసి పాతుతారు. అంటే చేలో ఉన్న మొక్కలన్నీ ఒకే మొక్కకి జిరాక్స్ కాపీలు. 1845లో ఐర్లండ్ పేదల పొలాల్లో ఎక్కువగా ఉన్నది లంపర్ అనే ఒకే రకం. ఫైటోఫ్తోరా అనే సూక్ష్మజీవి దిగింది. ఒక మొక్కని చంపగలిగితే అన్నిటినీ చంపగలిగినట్టే. వరసగా కొన్నేళ్ళు పంట పోయి, ఆకలికీ రోగాలకీ దాదాపు పది లక్షల మంది చనిపోయారు. ఇంచుమించు అంతమంది ఓడలెక్కి దేశం వదిలి వెళ్ళిపోయారు.

తర్వాత ఇరవయ్యో శతాబ్దంలో శాస్త్రవేత్తలు మెక్సికో అడవి దుంపల్లో ఈ తెగులుని ఆపే జన్యువులు కనిపెట్టారు. ఆర్ 1, ఆర్ 2 అంటూ ఆర్ 11 దాకా నంబర్లు వేశారు. వాటిని సాగులో ఉన్న దుంపల్లోకి తెచ్చారు. తెచ్చింది తెచ్చినట్టే, కొన్నేళ్ళు తిరిగేసరికి తెగులు దాటేసింది. మన ఐఆర్ 26 కథే.

మా వైపు దుంప తోటలు పెద్దగా లేవు. మా దగ్గర ఈ ఆట జరిగేది వరి చేలో, బ్యాక్టీరియా ఎండాకు తెగులుతో.

గాజు గ్లాసు పరీక్ష

మా మావయ్యది సొంతం ఎకరంన్నర, కౌలుకి ఇంకో మూడెకరాలు. సార్వాలో సన్నాలే వేస్తాడు, బీపీటీ 5204. ఒక ఏడాది అక్టోబరులో గాలీవానా వెలిసిన వారానికి వాట్సాప్‌లో ఫొటో పెట్టాడు. ఆకు కొస నుంచి రెండు అంచుల వెంటా పసుపు చార కిందికి దిగుతోంది. అంచు తిన్నగా లేదు, అలలు అలలుగా ఉంది. కింద వాయిస్ మెసేజ్: "ఏరా అబ్బాయ్, ఇదేంటో ఆ గూగుల్లో చూసి చెప్పు. కొట్టువాడు యూరియా తగ్గిందేమో, ఇంకో కట్ట వెయ్యమంటున్నాడు."

అది వెయ్యకూడని సలహా. నత్రజని ఎక్కువైతే ఈ తెగులు ఇంకా రెచ్చిపోతుంది. మార్టేరు వాళ్ళయినా, ఏ వ్యవసాయ అధికారైనా చెప్పే చిన్న పరీక్ష ఒకటుంది. గాజు గ్లాసులో తేటనీళ్ళు పోసి, తెగులున్న ఆకుని కత్తిరించి కోసిన వైపు నీళ్ళలో ఉంచాలి. కాసేపటికి కోసిన చోటు నుంచి పాలలాంటి సన్నటి దారం నీళ్ళలోకి కారితే అది బ్యాక్టీరియా. నత్రజని లోపమైతే ఏమీ రాదు. ఫోన్ ఫ్లాష్ లైట్ వెనక నుంచి పెడితే ఆ దారం ఇంకా బాగా కనిపిస్తుంది. మావయ్య వీడియో తీసి పంపాడు. దారం వచ్చింది.

"మరి మందేంటి?" అన్నాడు. చెప్పుకోదగ్గ మందు లేకపోవడమే ఈ తెగులుతో ఇబ్బంది. రైతులు చాలాకాలంగా కొడుతున్న స్ట్రెప్టోసైక్లిన్‌లో ఉన్నది స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్. స్ట్రెప్టోమైసిన్ అంటే మనుషులకి టీబీకి ఇచ్చే మందే. దాన్ని కాపర్ ఆక్సీక్లోరైడ్‌తో కలిపి కొడతారు. కానీ బ్యాక్టీరియా ఆకు పైన కూర్చుని ఉండదు, లోపల నీళ్ళ గొట్టాల్లో ఉంటుంది. పైన కొట్టింది లోపలికి చేరేది తక్కువ. యాంటీబయాటిక్‌ని అలా చేల మీద చల్లుతూ పోతే రేపు మన ఒంట్లో బ్యాక్టీరియా కూడా దానికి అలవాటు పడుతుంది.

తీవ్రంగా వస్తే ఈ తెగులుతో దిగుబడిలో సగం దాకా పోవచ్చు. కౌలు బస్తాలు మాత్రం తెగులొచ్చిందని తగ్గవు.

దొంగ లోపలికి ఎలా వస్తాడు

పొద్దున్నే చేలోకి వెళ్తే వరి ఆకు కొసల్లో, అంచుల్లో నీటిబొట్లు కనపడతాయి. అవన్నీ మంచు కాదు. రాత్రి మొక్క తనే బయటికి తోసిన నీళ్ళు. ఆ నీళ్ళు వచ్చే సన్నటి రంధ్రాలే జాంథోమోనాస్ ఒరైజే అనే ఈ బ్యాక్టీరియాకి గుమ్మాలు. గాలివానకి ఆకులు రాసుకుని చిరిగితే ఇంకా తేలిక. నాట్లప్పుడు నారు కొసలు తుంచి నాటితే మనమే తలుపు తీసి పెట్టినట్టు.

లోపలికి వచ్చాక అది కొన్ని ప్రొటీన్లని సూదితో ఎక్కించినట్టు మొక్క కణంలోకి పంపుతుంది. అవి నేరుగా వెళ్ళి మొక్క డీఎన్ఏ మీద కూర్చుని, తమకి కావలసిన జన్యువుల్ని ఆన్ చేస్తాయి. అంటే మన సర్వర్‌లోకి వచ్చి, మన కోడ్‌నే, మన కరెంటుతోనే, వాడి కోసం నడిపించుకోవడం. కోడింగ్ తెలిసినవాళ్ళకి ఒళ్ళు జలదరించే పనితనం.

దీన్ని ఆపడానికి వరిలో దొరికిన జన్యువులు నలభై దాటాయి. వాటిలో మూడింటి గురించి చెబుతాను. మూడూ మూడు రకాల తాళాలు.

మొదటిది ఎక్స్‌ఏ 13. మామూలు వరిలో పంచదారని కణం బయటికి వదిలే ఒక కుళాయి ఉంటుంది. బ్యాక్టీరియా ఆ కుళాయి స్విచ్ నొక్కి, బయటికొచ్చిన పంచదార తాగి పెరుగుతుంది. ఎక్స్‌ఏ 13 ఉన్న వరిలో కుళాయి అలాగే ఉంది, స్విచ్ ఆకారం మారింది. దొంగ వేలు దానికి సరిపోదు.

రెండోది ఎక్స్‌ఏ 5. దొంగ ప్రొటీన్ జన్యువుని ఆన్ చెయ్యాలంటే మొక్క సొంత యంత్రానికి తగులుకోవాలి. మధ్యలో ఒక చిన్న అడాప్టర్ కావాలి. ఎక్స్‌ఏ 5 లో ఆ అడాప్టర్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారింది. మొక్క పని మొక్కకి నడుస్తుంది, దొంగ ప్లగ్ మాత్రం సరిగ్గా దిగదు.

మూడోది ఎక్స్‌ఏ 21. ఇది సీసీ కెమెరా, అలారం కలిపిన పెట్టె. కణం గోడ దగ్గర కాపలా ఉండి, బ్యాక్టీరియా వదిలే ఒక చిన్న ప్రొటీన్ ముక్కని పసిగట్టి లోపలికి గంట కొడుతుంది. ఈ జన్యువు వచ్చింది ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి నుంచి. ఆ అడవి వరికి తెగులు సోకడం లేదని 1970లలో గమనించింది మన కటక్‌లోని వరి పరిశోధనా సంస్థలో. తర్వాత ఇర్రిలో గురుదేవ్ ఖుష్ బృందం దాన్ని సాగు వరిలోకి తెచ్చింది. 1995లో కాలిఫోర్నియాలో పమేలా రోనాల్డ్ బృందం ఆ జన్యువుని విడదీసి చూపించింది. మొక్కల్లో ఇలాంటి కాపలా జన్యువుని చేత్తో పట్టుకున్న తొలి సందర్భాల్లో అదొకటి. అది పసిగట్టే ముక్క ఏమిటో తెలియడానికి ఇంకో ఇరవై ఏళ్ళు, 2015 దాకా పట్టింది.

ఒక్కోదానికీ లోపం ఉంది. ఎక్స్‌ఏ 21 ముదురు మొక్కల్లో బాగా పనిచేస్తుంది, లేత నారులో అంతగా కాదు. దాన్ని దాటిన బ్యాక్టీరియా ఇప్పటికే కొన్నిచోట్ల దొరికింది. ఎక్స్‌ఏ 13 స్విచ్ నొక్కలేని బ్యాక్టీరియా కొన్ని పక్కనున్న ఇంకో పంచదార కుళాయి వెతుక్కున్నాయి. ఒక్కో తాళాన్ని విడిగా తియ్యడం కుదిరే పనే. మరి మూడూ ఒకే తలుపుకి వేస్తే?

లెక్క చూద్దాం. ఒక తాళం తియ్యగల మార్పు పది లక్షల బ్యాక్టీరియాల్లో ఒకదానికి వస్తుందనుకోండి. ఇది ఊహ లెక్కే. మూడు తాళాలకీ సంబంధం లేని మూడు మార్పులు ఒకే బ్యాక్టీరియాలో, ఒకేసారి రావాలంటే పది లక్షల్ని మూడుసార్లు గుణించాలి. ఒకటి పక్కన పద్దెనిమిది సున్నాలు. ఓటీపీ, వేలిముద్ర, పాస్‌వర్డ్ మూడూ అడిగే యాప్ లాంటిది. అసాధ్యమని కాదు, బాగా ఆలస్యమవుతుంది. వ్యవసాయంలో ఆ ఆలస్యమే లాభం.

బీపీటీలోకి మూడూ ఎలా వచ్చాయి

బీపీటీ అంటే బాపట్ల. 1986లో విడుదలైన సాంబ మసూరి అదే. గింజ సన్నం, అన్నం పొడిపొడి, మిల్లులో గిరాకీ. ఎండాకు తెగులు వస్తే మాత్రం చేతులెత్తేస్తుంది. హైదరాబాద్‌లో అప్పటి డైరెక్టరేట్ ఆఫ్ రైస్ రీసెర్చ్, సీసీఎంబీ కలిసి దీని మీద కూర్చున్నాయి. మూడు జన్యువులూ ఉన్న పంజాబ్ వరి ఒకటి దొరికింది. కానీ ఆ వరి గింజ, అన్నం మనకి అక్కర్లేదు. ఆ మూడు జన్యువులే కావాలి. గిట్ వాడేవాళ్ళకి ఒక్క మాటలో అర్థమవుతుంది. బ్రాంచ్ మొత్తం మెర్జ్ చెయ్యకూడదు, మూడు కమిట్లు మాత్రం చెర్రీ-పిక్ చెయ్యాలి.

మొక్కల్లో ఆ కమాండ్ లేదు. ఉన్నది వెనక్కి సంకరం చెయ్యడమే. రెండిటినీ కలిపితే పిల్ల మొక్కలో సాంబ మసూరి వాటా సగం. దాన్ని మళ్ళీ సాంబ మసూరితో కలిపితే సగటున 75 శాతం. మళ్ళీ కలిపితే 87.5. నాలుగోసారి అయ్యేసరికి దాదాపు 97. అయితే ప్రతిసారీ మూడు జన్యువులూ ఉన్న మొక్క ఎనిమిదిలో ఒకటే వస్తుంది. దాన్ని గుర్తుపట్టాలి.

కష్టమంతా అక్కడే. ఎక్స్‌ఏ 5, ఎక్స్‌ఏ 13 రెండూ అణిగి ఉండే జన్యువులు. జతలో రెండు కాపీలూ ఉంటేనే పనిచేస్తాయి. సంకరం చేసేటప్పుడు ఒక్క కాపీయే ఉంటుంది కాబట్టి బయటికి ఏమీ కనపడదు. పోనీ తెగులు ఎక్కించి చూద్దామంటే, ఎక్స్‌ఏ 21 ఒక్కటే తెగులుని ఆపేసి మిగతా రెండూ ఉన్నాయో లేవో తెలియనివ్వదు. అందుకే ఆకు ముక్క తీసి, డీఎన్ఏ పరీక్షతో ఒక్కో మొక్కనీ చూశారు. చివర్లో సొంత పరాగంతో మూడు జన్యువులూ జంటగా కుదిరే మొక్క 64లో ఒకటి. అలా ఏరగా వచ్చినది 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరి పేరుతో విడుదలైంది.

ఇది జన్యుమార్పిడి పంట కాదు. బయటి జీవి జన్యువుని ల్యాబ్‌లో అతికించలేదు. వరినీ వరినీ కలిపారు, ఏరడానికి మాత్రం డీఎన్ఏ పరీక్ష వాడారు. "జీఎం బియ్యం తినిపిస్తున్నారు" అని ఎవరైనా ఫార్వర్డ్ పంపితే ఈ రెండు ముక్కలు చెప్పండి.

మావయ్య ప్రశ్న

ఇదంతా చెప్పాక మావయ్య అడిగిన ప్రశ్న ఏ ఇంటర్వ్యూలోనూ నన్ను అంత తిప్పలు పెట్టలేదు. "గింజ అదే, అన్నం అదే, చేలో చూడ్డానికీ అదే అంటున్నావు. మరి కొట్టువాడు పాతదే కొత్త సంచిలో పోసిచ్చినా నాకెలా తెలుస్తుందిరా?"

కంటితో తెలీదు. గాలివాన వచ్చి, పక్క చేను ఎండి, మన చేను పచ్చగా ఉంటే తెలుస్తుంది. అప్పటికి పెట్టుబడంతా మట్టిలో ఉంటుంది. కాబట్టి కొనేటప్పుడే చూసుకోవాలి. ధ్రువీకరించిన విత్తనం సంచికి నీలం ట్యాగ్ ఉంటుంది. ఫౌండేషన్ విత్తనానికి తెల్లది. ట్యాగ్ మీద రకం పేరు, లాట్ నంబరు, పరీక్ష తేదీ ఉంటాయి. సంచికి ఒక ఫొటో, ట్యాగ్‌కి ఒక ఫొటో, బిల్లుకి ఒక ఫొటో తీసి ఫోన్లో పెట్టుకోవాలి. రేపు తేడా వస్తే అడగడానికి అదే ఆధారం.

ఇంకో మాట. ఇది హైబ్రిడ్ కాదు. వరి ఎక్కువగా తనకి తనే పరాగం చేసుకుంటుంది. కాబట్టి ఒకసారి నిఖార్సైన విత్తనం దొరికితే, కల్తీ కాకుండా కోసి, విడిగా నూర్చి దాచుకుంటే మర్నాడూ ఆ మూడు తాళాలు ఉంటాయి. కానీ పాత బీపీటీతో కలిసిపోతే, ఏ మొక్కకి తాళం ఉందో ఏ మొక్కకి లేదో చేను కోసేదాకా తెలీదు.

దీన్ని అద్భుతంలా అమ్మేవాళ్ళనీ నమ్మకండి. ఎండాకు తెగులుని తట్టుకుంటుందని దోమపోటునీ, అగ్గితెగులునీ తట్టుకుంటుందని కాదు. వాటికి వేరే జన్యువులు, వేరే తాళాలు. యూరియా విడతలుగానే వెయ్యాలి. తెగులున్న చేలోంచి పక్క చేలోకి నీళ్ళు పారనివ్వకూడదు. మూడు తాళాలు వేశాం కదా అని తలుపు బార్లా తీసి పడుకోం.

డెల్టా అంతా ఇదొక్కటే వేసినా మళ్ళీ ఐఆర్ 26 కథే మొదలవుతుంది, కాకపోతే నెమ్మదిగా. మూడు తాళాలు పాతబడేలోపు నాలుగోది సిద్ధంగా ఉండాలి. ఆ నాలుగోది కంపెనీ గోడౌన్‌లో పుట్టదు. మాలి అడవి వరిలో దొరికినట్టు, ఎవరూ వెయ్యని ఏ పాత వరిలోనో, కాలవ గట్టున పెరిగే ఏ అడవి వరిలోనో ఉంటుంది. దిగుబడి తక్కువని మనం వదిలేసిన పాత రకాల విత్తనాన్ని మార్టేరు లాంటి చోట్ల ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ వేసి బతికిస్తున్నారంటే కారణం అదే. అది మ్యూజియం కాదు, తాళాల కొట్టు.

మీ ఇంట్లోనో, మీ బంధువుల్లోనో వరి వేసేవాళ్ళుంటే ఈసారి ఫోన్ చేసినప్పుడు ఒక్కటి అడగండి: "సంచి మీద ట్యాగ్ ఏ రంగు?" తెలీదంటే ఫొటో పంపమనండి. నారు పొయ్యకముందే అడగండి. నాట్లయ్యాక ఆ ప్రశ్నతో పని లేదు.